కారు అద్దంలోంచి చూసిన గోపురం

సమస్య

నాకు 61 ఏండ్లు. మాది జగిత్యాల పక్కన ఊరు. మా ఆయన 22 ఏండ్లు దుబాయిల పని చేసి వచ్చి, నాలుగేండ్ల కింద కాలం చేసిండు. నేను ముప్పై ఏండ్లు బీడీలు చేసిన. పెద్ద కొడుకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్, చిన్నోనికి కరీంనగర్‌ల మొబైల్ దుకాణం. ఇద్దరూ మంచోళ్లే. నన్ను ఒక్క మాట అనరు.

కాశీకి పోవాలని మా ఆయన ఉన్నప్పటి నుంచి అనుకుంటున్నం. ఆయన పోయినంక, ఆయన పేరు మీద గయల పిండం పెట్టించాలని మనసుల పడ్డది. పెద్దోణ్ని అడిగితే ‘వచ్చే ఏడు నేనే విమానంల తీస్కపోత, మూడు రోజుల్ల వద్దం’ అన్నడు. నాలుగేండ్ల సంది వచ్చే ఏడే. వాని తప్పు గాదు, వానికి సెలవు దొరకది, కోడలికి పిల్లల పరీక్షలు.

ఈసారి మా వాడకట్టు ఆడోళ్లు ఏడుగురు టూర్ల పోతున్నరు. కరీంనగర్ ఆయన ఒకాయన ఏటా తీస్కపోతడు. మొత్తం 42 మంది. రామగుండంల దానాపూర్ రైలు ఎక్కి ప్రయాగ, కాశీ, గయ, అయోధ్య చూసి పది రోజులకు వస్తరు. వంటోళ్లు వెంబడి వస్తరు. మనిషికి 18 వేలు. నా పీఎఫ్ పైసలల్ల కెళ్లి మూడు వేలు అడ్వాన్సు కట్టి పేరు రాయించుకున్న. ఇంట్ల చెప్పలే. రశీదు పసుపు డబ్బాల పెట్టిన.

మొన్న ఊరికే మాట కదిపితే చిన్నోనికి కోపమొచ్చింది. ‘ఇద్దరు కొడుకులుండంగ ముక్కు మొకం తెల్వనోళ్లతోని పోతవా? నలుగురు మమ్ముల ఏమంటరు? నీకు షుగరాయె, మోకాళ్ల నొప్పులాయె, ఎవలు చూస్తరు?’ అన్నడు. వాడన్నది గూడ నిజమే అనిపిస్తది.

పోయిన ఏడు అందరం కలిసి కార్ల తిరుపతి పోయినం. కొండ మీద దర్శనం మంచిగైంది. వచ్చేటప్పుడు శ్రీకాళహస్తిల ఆగినం. చిన్న మనుమడు పండుకున్నడు, లేపుడెందుకని నేను కార్లనే కూసున్న. కారు అద్దంలకెళ్లి గోపురం కనవడ్డది, దండం పెట్టుకున్న. ఇది ఎందుకు రాస్తున్ననో నాకే తెల్వది.

అడ్వాన్సు వాపస్ తీసుకొమ్మంటరా?

– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

సలహా

అక్కా,

ఎందుకు రాశారో మీకే తెలియదన్నారు గానీ, ఆ కారు మాట కోసమే నేను ఈ జవాబు రాస్తున్నాను. శ్రీకాళహస్తి దాకా వెళ్లి, గుడి ముందర కారులో పిల్లవాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, అద్దంలోంచి గోపురానికి దండం పెట్టుకుని వచ్చారు. లోపలికి వెళ్లినవాళ్లలో ఒక్కరన్నా తిరిగొచ్చి ‘అమ్మా, ఇగ నువ్వు పోయిరా, పిల్లగాణ్ని మేం చూస్తం’ అన్నారా? అని ఉంటే అది కూడా రాసేవారు మీరు. కొడుకుల మంచితనాన్ని ఇంత దాచకుండా రాసిన మనిషి, ఆ మాట ఒక్కటి మరిచిపోరు.

మీరు చూసిన ఆ గోపురం సంగతి ఒకటి చెప్తాను. అది పాతది కాదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కుప్పకూలింది. ఇప్పుడున్నది మళ్లీ కట్టినది, 2017లో కుంభాభిషేకం జరిగింది. అయిదు వందల ఏళ్లు నిలబడ్డ రాయే ఒక్క పూటలో కూలిపోయినప్పుడు, అమ్మ మోకాళ్లను నమ్ముకుని నాలుగేళ్లుగా ‘వచ్చే ఏడు’ అనే ధైర్యం మీ పెద్దబ్బాయికి ఎక్కణ్నుంచి వచ్చింది? గోపురాన్ని ఏడేళ్లలో మళ్లీ కట్టుకున్నారు. మోకాళ్ల సంగతి అట్లా కాదు.

అడ్వాన్సు వాపస్ తీసుకోవద్దు. పోయి రండి.

జాగ్రత్తలు మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తాను. పోయినసారి ఆ టూరాయనతో వెళ్లొచ్చినవాళ్లను ఇద్దరిని కలిసి తిండి ఎట్లా ఉంది, గదికి ఎందరిని పెట్టాడు, దారిలో అదనంగా పైసలు అడిగాడా అని కనుక్కోండి. టికెట్ తీసేటప్పుడే లోయర్ బెర్త్ అడగమనండి, 45 దాటిన ఆడవాళ్లకు రైల్వేలో దానికి కోటా ఉంది. షుగరు గోలీలు పది రోజులకు కాదు, పదిహేను రోజులకు కట్టుకుని పోండి. అసలు ఆధార్ కార్డు వెంట ఉండాలి. ఈ ఆయన మీద మనసు కుదరకపోతే రైల్వేవాళ్ల భారత్ గౌరవ్ రైళ్లున్నాయి. 2023 మార్చి 18న సికింద్రాబాద్ నుంచి మొదటిది పూరీ, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగలకు వెళ్లింది. అదీ గుంపు ప్రయాణమే. టూర్లలో కష్టాలు లేవని నేననను. తెల్లవారుజామున నాలుగింటికి లేపుతారు, స్నానాల గది దగ్గర వరసలో నిలబడాలి, ఒక్కోచోట ఇంకాసేపు కూర్చోవాలనిపించినా కూర్చోనివ్వరు. బీడీ కార్ఖానా ముందు ఆకుకూ తంబాకుకూ ముప్పై ఏళ్లు వరస కట్టిన మీకు అదో లెక్క కాదు.

ఇక చిన్నబ్బాయి అడిగిన ‘ఎవలు చూస్తరు’ దగ్గరికి వద్దాం. కుటుంబంతో కారులో వెళ్లినప్పుడు మిమ్మల్ని ఎవరు చూశారు? అందరినీ చూసింది మీరు. మన ఇళ్లలో తల్లి యాత్రకు వెళ్లడమంటే వంటగది చోటు మారడమే. సద్ది కట్టేది ఆమె, గదిలో సామాను దగ్గర కూర్చునేది ఆమె, తడిబట్టలు ఆరేసేది ఆమె, పిల్లవాడు నిద్రపోతే కారులో మిగిలేది ఆమె. ఎవరూ చెయ్యమని చెప్పరు, అది నిజం. చెప్పకుండానే ఆ పని ఆమె మీద పడుతుంది. గుంపులో వెళ్లినప్పుడు 42 మందిలో మీరు ఒకరు. 18 వేలు కట్టిన యాత్రికురాలు. వంటవాళ్లు చేసిన చాయ్ మీ చేతికి వస్తుంది. జీవితంలో ఎన్నిసార్లు కూర్చున్నచోటికి చాయ్ వచ్చిందో ఒకసారి లెక్కపెట్టుకోండి అక్కా.

మూడేళ్ల కింద నేను కాశీలో కేదార్ ఘాట్ మెట్ల మీద పొద్దున్నే కూర్చుని ఉన్నాను. మంచిర్యాల వైపు నుంచి వచ్చిన గుంపు ఒకటి స్నానాలు చేసి పైకి ఎక్కుతోంది. ముందు నడిచే మనిషి కర్రకు ఎర్ర తువ్వాల కట్టుకున్నాడు, దాన్ని చూసి వెనకవాళ్లు నడుస్తున్నారు. ఆడవాళ్లు అయిదుగురు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒక్కో మెట్టుకూ ఆగి, ఎక్కుతున్నారు. పైకి వచ్చాక ఆయన తలలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువైంది. మళ్లీ లెక్కపెట్టాడు. తక్కువే. తువ్వాల కర్రను ఒకామె చేతికిచ్చి కిందికి పరుగెత్తాడు. పదిహేను నిమిషాలకు ఒక పెద్దావిడతో వచ్చాడు. గంగ నీళ్లు నింపి మూతి అతికించిన చిన్న రాగి చెంబులు ఉంటాయి చూడండి, మనవళ్లకు అవి కొంటూ ఉండిపోయిందట. అంతసేపూ మిగతావాళ్లు తడిబట్టలతో మెట్ల మీదే కూర్చున్నారు. విసుక్కోలేదా అని పక్కనున్నామెను అడిగాను. ‘నిన్న ప్రయాగల నా కోసం గంట ఆగిండ్రమ్మా’ అంది.

నేను మీకు చెప్పదలచుకున్నదంతా ఆ లెక్కపెట్టడంలో ఉంది. మీరు రాకపోతే బండి కదలదు. మీ మోకాళ్ల నడకే అక్కడ అందరి నడక, ఎందుకంటే పక్కనున్న ముగ్గురికీ అవే మోకాళ్లు. షుగరు గోలీ వేసుకునే వేళకు తిండి పెట్టాలని వంటవానికి మీరు చెప్పక్కర్లేదు, మీకంటే ముందే నలుగురు చెప్పి ఉంటారు. పడవవాడితో బేరం, పంతులు సంభావన, సత్రం గది, హిందీ మాట, ఇవన్నీ ఒక్కరి నెత్తిన పడితే భారం. 42 మంది మీద పంచితే ఏ ఒక్కరికీ తెలియదు. మూడు రోజుల విమాన యాత్రలో మీ పెద్దబ్బాయి ఈ పనులన్నీ ఫోనులో ఆఫీసువాళ్లతో మాట్లాడుతూ చెయ్యాలి. పిల్లలు మధ్యలో పడుకుంటారు. అప్పుడు విశ్వనాథుడి గుడి బయట బెంచీ మీద ఎవరు కూర్చుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఇప్పుడు ఈ మాటలు మీ కొడుకులకు. అక్కా, ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి.

నాయనలారా, మీ నాన్న 22 ఏళ్లు దుబాయిలో ఎవరితో ఉన్నాడు? అక్కడి సోనాపూర్ లాంటి కూలీల క్యాంపుల్లో గదులు చూసినవాళ్లెవరినన్నా అడగండి. మంచం మీద మంచం, ఒక్క గదిలో ఎనిమిదీ పదిమందీ. ఒకరిది సిరిసిల్ల, ఒకరిది నిర్మల్, ఒకరిది నేపాల్, ఒకరిది బీహార్. ముక్కు మొహం తెలియనివాళ్లే. మీ నాన్నకు జ్వరమొస్తే గంజి కాచిపోసింది వాళ్లు. పండగనాడు ఆయన పక్కన కూర్చుని తిన్నది వాళ్లు. ఊరికి వచ్చేటప్పుడు అట్టపెట్టె తాడు బిగించి కట్టిచ్చింది వాళ్లు. ఆ తెలియనివాళ్ల మధ్య ఆయన బతికి పంపిన పైసలతో మీరు చదువుకున్నారు. అప్పుడు నలుగురు ఏమన్నారు? ఏమీ అనలేదు, సెబ్బాస్ అన్నారు.

ఆ 22 ఏళ్లూ ఇక్కడ మీ అమ్మ ఎవరితో ఉంది? చాట ముందటేసుకుని బీడీలు చుడుతూ, మీకు అర్ధరాత్రి జ్వరమొస్తే భుజాన వేసుకుని దవాఖానకు పోయింది. బ్యాంకులో వరస కట్టింది, ఇంటి స్లాబుకు మేస్త్రీతో తగువులాడింది, మీ అడ్మిషన్లకు కాలేజీ గుమ్మాలెక్కింది. అప్పుడు ఆమె ఒక్కతే ఎట్లా పోతుందని ఇంట్లోగానీ ఊళ్లోగానీ ఎవరికీ దిగులు కలగలేదు. ఇంటి పనికి పోయినన్నాళ్లూ ఆమె ధైర్యవంతురాలు. తన మనసుకు తోచినచోటికి పోతానన్న రోజున మాత్రం షుగరూ మోకాళ్లూ నలుగురూ గుర్తొచ్చారు. ఈ భయం అమ్మ మీద ప్రేమతోనే అయ్యుండొచ్చు, కాదనను. కానీ ఆ ప్రేమ ఆమెను మళ్లీ కారులోనే కూర్చోబెడుతోంది.

పరాయివాళ్లతో కాశీకి పోవడం పరువు తక్కువ అనే మాట మనకు ఎప్పుడు వచ్చిందో గానీ, మన పెద్దలెవరికీ లేదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే ఉద్యోగిగా, చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయల్దేరి, హైదరాబాదు దాటి ఉత్తరానికి ఇప్పుడు నాగపూరు రైలుబళ్లు పోయే దిక్కుకే సాగి కాశీ చేరాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. వెంట దాదాపు వందమంది. హోదా ఉన్న మనిషే, డబ్బుకు లోటు లేని మనిషే గుంపు కట్టుకుని పోయాడు. మన ఆదిలాబాదు గోండుల్లో మెస్రం వంశంవాళ్లను చూడండి. ఏటా నాగోబా జాతర ముందు కేస్లాపూర్ నుంచి జన్నారం దగ్గరి హస్తినమడుగుకు, గోదావరి నీళ్ల కోసం, చెప్పుల్లేని కాళ్లతో రోజుల తరబడి కలిసి నడుస్తారు. ముసలివాళ్లు నడుస్తారు, పడుచువాళ్లు నడుస్తారు. తిరిగొచ్చి మర్రిచెట్ల కింద కలిసే బస చేస్తారు. సమ్మక్క జాతరకు మన కరీంనగర్ పల్లెల నుంచి ఎడ్లబండ్లు వరసగా మేడారం దారి పట్టేవి. ఒంటరి బండి కట్టినవాణ్ని ఊరు ఆపేది, ‘వాడకట్టు బండ్లతోని పో’ అనేది. అడవిలో ఇరుసు విరిగితే వెనక బండివాడే దిక్కు. ఇప్పుడు ఎడ్లబండి బదులు దానాపూర్ ఎక్స్‌ప్రెస్, అంతే తేడా.

అక్కా, మీరు గయ గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. అక్కడ మీ మాటకు మీ కొడుకులు అడ్డొస్తారు, పిండం పెట్టాల్సింది మేము కదా అంటారు. ఆ మాట న్యాయమైనదే. దానికి మీరు యాత్ర మానుకోనక్కర్లేదు. మీ గుంపు గయ చేరే తేదీ టూరాయన దగ్గర రాయించుకుని పెద్దబ్బాయి చేతిలో పెట్టండి. విమానం విమానం అంటున్నాడు కదా, ఆ రోజుకు పాట్నా దాకా విమానంలో వచ్చి, విష్ణుపాదం గుడి దగ్గర మిమ్మల్ని కలుసుకుని, తండ్రికి చెయ్యాల్సింది చేసి, మరునాడు ఉద్యోగానికి పోతాడు. రెండు రోజుల సెలవు చాలు. మీరు మాత్రం వానితో తిరిగి రావద్దు. మీ గుంపుతో అయోధ్యకు పోండి.

ఇంట్లో ఎట్లా చెప్పాలన్నది మిగిలింది. ఆదివారం చిన్నబ్బాయి వచ్చినప్పుడు, తిండి తిన్నాక, రశీదు తీసి ముందర పెట్టండి. ‘పోవచ్చునా బిడ్డా’ అని అడగకండి. అడిగితే వాడు కాదనక తప్పదు, కొడుకుగా అది తన బాధ్యత అనుకుంటాడు. ‘ఫలానా తారీఖున పోతున్న, రామగుండం టేషన్ల దించిరావాలె, పదో రోజు మళ్ల తీస్కరావాలె’ అని పని చెప్పండి. చెప్పిన పని చేసే పిల్లలే వాళ్లు, మీ ఉత్తరంలోనే కనబడుతోంది. ఫోను దుకాణం ఉన్నవాడు, అమ్మకు ఛార్జింగు నిలిచే పవర్ బ్యాంకు ఒకటి ఇవ్వమనండి. రోజుకోసారి రాత్రిపూట మీరే ఫోన్ చేస్తానని, పగలు చెయ్యొద్దని కూడా చెప్పండి.

రశీదు ఇవ్వాళే పసుపు డబ్బాలోంచి తియ్యండి. కాయితానికి పసుపు అంటుకుని అంకెలు చెరిగిపోతాయి. మిగతా 15 వేలు ఎప్పటిలోగా కట్టాలో దాని మీద ఉందేమో చూసుకోండి, లేకపోతే ఆయన్ని అడిగి రాయించుకోండి.