గడప దాటిన మైత్రి

ఇల్లు విడిచి దూరదేశానికి పోయేవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రయోజనం ఉంటుంది. వర్తకుడు లాభాన్ని, విద్యార్థి జ్ఞానాన్ని, భక్తుడు పుణ్యాన్ని కోరి పయనమవుతారు. మిత్రుని చూడబోయేవానికి వీటిలో ఏదీ ప్రధానం కాదు. అతడు మిత్రుని ఇంటి తలుపు తట్టి, ఆ ఇంటి కిటికీలో నుండి ఆ నగరాన్ని చూస్తాడు. అందువల్ల కోటలు, మేడలు మాత్రమే చూచి మరలివచ్చే సందర్శకునికి అందని అనుభవం అతనికి అందుతుంది. మన దేశానికీ రష్యాకూ నడుమ ఐదు శతాబ్దాలకు పూర్వమే మొదలైన రాకపోకలు ఈ సత్యాన్ని చక్కగా నిరూపిస్తాయి.

పల్నాడు జిల్లాలోని దాచేపల్లికి ఉత్తరాన, పొందుగల వద్ద కృష్ణానది ప్రవహిస్తుంది. ఆవలి ఒడ్డున వాడపల్లి వద్ద మూసీనది కృష్ణలో సంగమిస్తుంది. ఇక్కడికి చేరే కృష్ణ అంతకు ముందే శ్రీశైల పాదాలను తాకి, నాగార్జునసాగరాన్ని దాటి వస్తుంది. ఆ శ్రీశైలానికి 15వ శతాబ్దంలోనే ఒక రష్యన్ బాటసారి వచ్చాడు. అతని పేరు అఫనాసీ నికితిన్. వోల్గానది ఒడ్డునగల త్వేర్ నగరం అతని స్వస్థలం.

నికితిన్ వర్తకుడు. సరకులతో వోల్గా మీదుగా బయలుదేరిన అతనిని అస్త్రఖాన్ సమీపంలో తాతారులు దోచుకొన్నారు. అయినా అతడు వెనుకకు మరలలేదు. కాస్పియన్ సముద్రాన్ని, పారశీక దేశాన్ని దాటి, హోర్ముజ్‌లో ఓడ ఎక్కి, ఒక గుర్రంతో కొంకణ తీరంలోని చౌల్ రేవులో దిగాడు. జున్నర్‌లో అక్కడి అధికారి ఆ గుర్రాన్ని లాగుకొని, మతం మారితేనే తిరిగి ఇస్తానన్నాడు. ఖురాసాన్‌కు చెందిన ఒక ప్రముఖుడు అడ్డుపడి అతనిని ఆ సంకటం నుండి తప్పించాడు. అటుపిమ్మట నికితిన్ బహమనీ సుల్తానుల రాజధాని అయిన బీదరు చేరాడు.

బీదరులో అతనికి పలువురు హిందువులతో పరిచయం కలిగింది. ముసల్మాను పేరుతో సంచరిస్తున్న అతడు, తాను క్రైస్తవుడనని, తన అసలు పేరు అఫనాసీ అని వారికి దాచక చెప్పాడు. అప్పటి నుండి వారు తమ భోజనాన్ని గాని, వర్తకాన్ని గాని, ప్రార్థనను గాని తన నుండి మరుగుపరచలేదని నికితిన్ వ్రాసుకొన్నాడు. వారితో కలిసి నెల దినాలు ప్రయాణించి, అతడు ‘పర్వతం’ అనే పుణ్యక్షేత్రాన్ని దర్శించాడు. ఇది శ్రీశైలమేనని పండితులు గుర్తించారు. అక్కడి రాతి ఆలయం త్వేర్ నగరంలో సగమంత ఉందని అతడు ఆశ్చర్యపడ్డాడు. గోడలపై చెక్కిన దేవతా కథలను, బంగారు పూత పూసిన నల్లరాతి నందిని, నంది గిట్టలను ముద్దాడి పూలు చల్లే భక్తులను వర్ణించాడు. ముసల్మానులకు మక్కా, తనవారికి యెరూషలేము ఎట్టివో, ఈ దేశీయులకు పర్వతం అట్టిదని గ్రహించాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉంది. నికితిన్‌కు ఆ తలుపులు తెరిచినది ధనం కాదు, అధికారం కాదు. తానెవరో నిజాయితీగా చెప్పుకోవడం, ఎదుటివారి ఆచారాన్ని చిన్నచూపు చూడకపోవడం, ఈ రెండే అతనికి ఉపకరించాయి. స్వదేశానికి తిరిగి పోతూ అతడు స్మోలెన్స్క్ చేరకమునుపే మరణించాడు. అతని వ్రాతలు మాత్రం ‘మూడు సముద్రాల ఆవలి ప్రయాణం’ అనే పేరుతో నిలిచాయి. 1955లో త్వేర్‌లో వోల్గా ఒడ్డున అతని విగ్రహాన్ని నెలకొల్పారు.

నేడు త్వేర్, మాస్కో, కజాన్, వోల్గోగ్రాద్ వంటి నగరాల వైద్య విశ్వవిద్యాలయాలలో భారతీయ విద్యార్థులు చదువుతున్నారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. దాచేపల్లి వంటి ఊరి నుండి వారిని చూడబోయే మిత్రునికి నగరం ఎట్లా పరిచయమవుతుంది?

మొదటి పాఠం గడప వద్దనే ప్రారంభమవుతుంది. రష్యన్లు గడపకు ఈవల ఒకరు, ఆవల ఒకరు నిలిచి కరచాలనం చేయరు. అది అశుభమని వారి నమ్మకం. గడప మీదుగా ఇచ్చిపుచ్చుకోవడం కూడదని చెప్పే తెలుగు పెద్దలకు ఈ మాట కొత్త కాదు. లోపలికి రాగానే చెప్పులు విడవాలి. అతిథి కోసం ఇంట్లో తొడుగుకొనే మెత్తని చెప్పులు సిద్ధంగా ఉంటాయి. తలుపును వారు ‘ద్వెర్’ అంటారు. ఇది మన ‘ద్వారం’ అనే తత్సమానికి దగ్గరి చుట్టం. సోదరుడు ‘బ్రాత్’, నిప్పు ‘ఒగోన్’, మూడు ‘త్రి’. సంస్కృతమూ రష్యన్ భాషా ఒకే భాషాకుటుంబానికి చెందడమే ఈ పోలికలకు కారణం.

అతిథి పూలు తీసుకొనిపోతే వాటి సంఖ్య బేసిగా ఉండాలి. సరిసంఖ్యలో పూలు మృతులకు మాత్రమే సమర్పిస్తారు. కట్నకానుకలలో నూటపదహార్లు పాటించే మనకు సంఖ్యలోని మర్యాద సులభంగానే బోధపడుతుంది. గౌరవ అతిథిని రొట్టెతో, ఉప్పుతో ఎదుర్కోవడం వారి ప్రాచీన సంప్రదాయం. ఆతిథ్యానికి వారి భాషలో ఉన్న మాట ఆ రెండింటి పేర్లతోనే ఏర్పడింది. ‘ఉప్పు తిన్న ఇల్లు’ అనే మన పలుకుబడిలోని కృతజ్ఞత అందులోనూ ధ్వనిస్తుంది.

సంబోధనలో కూడా సామ్యం కనిపిస్తుంది. ‘మీరు’ అనడానికి ‘వ్యి’, ‘నువ్వు’ అనడానికి ‘త్యి’ అని వారు వాడుతారు. పెద్దలను ‘వ్యి’ అని, సొంత పేరుకు తండ్రి పేరు చేర్చి పిలవడం మర్యాద. సమవయస్కులు ‘ఇక నువ్వు అనుకొందామా?’ అని అడిగి మరీ ‘త్యి’లోకి దిగుతారు. పరిచయం స్నేహంగా మారిందనడానికి ఆ చిన్న మాటే గుర్తు.

పల్నాటి సున్నపురాతి నేలపై వేసవి ఎండలను ఎరిగినవారికి రష్యా శీతకాలం మరొక లోకం. వోల్గా ఉపరితలం గడ్డకడుతుంది. దానికి రంధ్రం చేసి చేపలు పట్టేవారు కనిపిస్తారు. నగరాలలో వేడినీటి గొట్టాల ద్వారా చాలా ఇళ్ళకు వెచ్చదనం అందుతుంది. అందుచేత బయట ఎంత చలి ఉన్నా లోపల పలుచని దుస్తులతో కూర్చుని టీ త్రాగవచ్చు.

మాస్కో నగర జీవితానికి మెట్రో రైలు జీవనాడి. 1935 మే 15న ప్రారంభమైన ఈ రైలుమార్గంలోని పాత స్టేషన్లు పాలరాయితో, దీపాలతో రాజమందిరాలను తలపిస్తాయి. ‘విప్లవ మైదానం’ స్టేషనులో 76 కంచు విగ్రహాలు ఉన్నాయి. వాటిలో సరిహద్దు సైనికుని కుక్క ముక్కును తాకితే పరీక్ష బాగా వ్రాయగలమని విద్యార్థులు నమ్ముతారు. లెక్కలేనన్ని చేతుల స్పర్శతో ఆ ముక్కు బంగారంలా మెరుస్తూ ఉంటుంది. పరీక్షాభయం ఏ దేశంలోనైనా ఒక్కటే!

రష్యన్లకు కళ నిత్యావసరం. 1776లో పుట్టిన బొల్షోయ్ నాటకశాల బాలే నృత్యానికి లోకప్రసిద్ధం. నాటకశాలలో ప్రేక్షకులు తమ బరువైన కోటును ద్వారం వద్దనే అప్పగించి లోపలికి పోవాలి. కోటుతో వెళ్ళి కూర్చోవడం అమర్యాద. పావెల్ త్రెత్యకోవ్ అనే వర్తకుడు జీవితమంతా సేకరించిన చిత్రాలను 1892లో మాస్కో నగరానికి దానమిచ్చాడు. ఆ చిత్రశాల నేటికీ అతని పేరుతోనే వెలుగొందుతున్నది. 1880లో ప్రతిష్ఠించిన పుష్కిన్ విగ్రహం వద్ద, ఆ మహాకవి పుట్టినరోజైన జూన్ 6న ప్రజలు పూలు సమర్పిస్తారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జూన్ మాసంలో రాత్రులు పూర్తిగా చీకటి పడవు. ఓడలకు దారి ఇవ్వడానికి నేవానది వంతెనలు అర్ధరాత్రి దాటాక పైకి లేచే దృశ్యాన్ని చూడడానికి జనం ఒడ్డున గుమిగూడుతారు.

చలికాలం వెళ్ళేవేళ ‘మాస్లెనిత్స’ అనే పండుగ వస్తుంది. వారంరోజులు అట్లవంటి ‘బ్లినీ’ తిని, చివరిరోజున శీతకాలానికి ప్రతీకగా గడ్డిబొమ్మను కాలుస్తారు. మన భోగిమంటలు తప్పక గుర్తుకువస్తాయి. ఆనాడే ఒకరినొకరు తెలిసీ తెలియక చేసిన తప్పులకు క్షమాపణ కోరుకొంటారు. వేసవిలో నగరవాసులు ఊరివెలుపలి ‘దాచ’లకు చేరి కూరగాయలు పండిస్తారు. దాచేపల్లివారికి సొంత ఊరి పేరులా వినిపించే ఈ మాటకు పూర్వార్థం ‘ఇవ్వబడినది’. మన ‘దానం’లోని ధాతువే దానికీ మూలం.

విమానమెక్కని తెలుగువారికి కూడా ఒకనాడు రష్యన్ నగరాలు పరిచితములే. సోవియట్ కాలంలో మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో పుస్తకాలు ముద్రించాయి. ఉప్పల లక్ష్మణరావు, రాళ్ళభండి వేంకటేశ్వరరావు వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా అవి చవకగా పల్లెలకు చేరాయి. అదే కాలంలో లెనిన్‌గ్రాడ్‌లో నికితా గురోవ్ వంటి పండితులు తెలుగును అధ్యయనం చేశారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన తరువాత ఆ పుస్తకాల రాక నిలిచిపోయింది.

నేటి ప్రయాణికునికి మరికొన్ని చిక్కులు ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. ఆ మార్చి నుండి ఇతర దేశాలలో జారీ అయిన వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ చెల్లడం లేదు. మిత్రుని చూడాలనే ఆశతో బయలుదేరేవారు పరిస్థితులను విచారించుకొని కదలాలి. ఒక జాతి కవులను, చిత్రకారులను, ఆతిథ్యాన్ని ప్రేమించడానికి ఆ దేశ పాలకుల ప్రతి చర్యనూ మెచ్చుకోవలసిన పనిలేదు. తన రష్యానేల వంటిది లోకంలో మరొకటి లేదని, అయితే అక్కడి ప్రభువులలో న్యాయం కొరవడిందని ఆనాడే నికితిన్ వ్రాశాడు. సొంత నేలపై ప్రేమ, దానిలోని దోషాన్ని చూడగల చూపు అతనిలో కలిసి ఉన్నాయి. మిత్రదేశాన్ని చూడబోయే అతిథికి కూడా ఈ రెండూ కావాలి.

రాజ్యాల సరిహద్దులు కాలానుగుణంగా మూసుకొంటాయి, తెరచుకొంటాయి. ఇంటి ద్వారానికి తాళంచెవి మాత్రం మనిషి నడవడిలోనే ఉంటుంది. దాచుకోకుండా మాట్లాడేవానికి, ఎదుటివారి గడపను గౌరవించేవానికి ఏ నగరమూ పరాయిది కాదు.

అర్థాలు
సంకటం = ఆపద
సామ్యం = పోలిక
ధాతువు = పదానికి మూలరూపం
పలుకుబడి = వాడుకలోని మాట తీరు
ప్రతీక = గుర్తు

వ్యాసరూప ప్రశ్నలు
1. నికితిన్ భారతదేశ యాత్రను, శ్రీశైల సందర్శనాన్ని వివరించండి.
2. తెలుగువారి ఆచారాలకూ రష్యన్ల ఆచారాలకూ గల పోలికలను పాఠం ఆధారంగా తెలపండి.

సంగ్రహరూప ప్రశ్నలు
1. బీదరు వాసులు నికితిన్‌ను ఎందుకు ఆదరించారు?
2. ‘వ్యి’, ‘త్యి’ అనే సంబోధనల ప్రత్యేకత ఏమిటి?
3. మాస్లెనిత్స పండుగను గూర్చి వ్రాయండి.

ఆలోచించండి
మీ ఇంటికి విదేశీ మిత్రుడు వస్తే, మీ ఊరి జీవితంలో దేనిని ముందుగా చూపుతారు? ఎందుకు?