పాడిపశువు చిగుళ్ళ రంగు

పశువును కొనేటప్పుడు పళ్ళు చూచి వయసు లెక్కగట్టని రైతు ఉండడు. కొన్న తరువాత దాని నోరు మళ్ళీ చూచేవారు అరుదు. సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము పాల రిజిస్టరుతో బాటు పాకలు కూడా చూస్తుంటాము. పాలు తగ్గిన ఆవు పైపెదవి ఎత్తి చూస్తే కారణం చాలాసార్లు కొంత అక్కడే తెలుస్తుంది.

ఆరోగ్యమైన ఆవు చిగురు తడిగా, లేత గులాబి రంగులో ఉంటుంది. బొటనవ్రేలితో నొక్కి వదలితే తెల్లబడిన చోటికి 2 సెకండ్లలో రంగు తిరిగి రావలెను. గేదెలకు చిగుళ్ళు సహజంగా నల్లగా ఉంటాయి, అది జబ్బు కాదు. వాటికి కంటి క్రిందిరెప్ప లాగి లోపలి పొరను చూడవలెను.

పాలిపోతే రక్తం తక్కువైనదని అర్థం. నత్తలున్న చెరువు అంచున మేసిన పశువుకు కార్జపు జలగలు పట్టి దవడ క్రింద నీరు దిగుతుంది. పేడ పరీక్ష చేయించి మందు త్రాగించాలి. సంకరజాతి ఆవుకు జ్వరం, గ్రంథుల వాపు ఉండి చిగురు పాలిపోయినా, పచ్చబడినా పిడుదుల వలన వచ్చే థైలీరియాను అనుమానించాలి. ఈనిన 2 నుండి 4 వారాలలో గేదె కాఫీ రంగు మూత్రం పోస్తే భాస్వరం లోపం కావచ్చు. రేపు చూద్దామనుకోరాదు.

చిగుళ్ళు ఉన్నట్టుండి ఎర్రబారితే అసలు ఆగకూడదు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చిన తరువాత ఆ చుట్టుపట్ల మేతబీళ్ళు చాలావరకు భవనాలైనవి. మిగిలిన పశువులను కట్టివేసి, కొన్న పచ్చిమేతతో సాకవలసి వస్తున్నది. కొన్న జొన్న ఎన్నాళ్ళదో, నీరు కట్టినదో లేదో మనకేమి తెలుసు? పూతకు రాని జొన్నలో, ఎండకు గిడసబారిన దానిలో, కోసిన తరువాత వచ్చే పిలకలలో నాము విషం ఉంటుంది. తిన్న కొద్దిసేపటికే పశువు రొప్పి, తూలి పడిపోతుంది. డాక్టరు వెంటనే వచ్చి సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బ్రతుకవచ్చు. పూత దాటిన జొన్ననే కొనండి, ధర కాస్త ఎక్కువైనా సరే.

చిగుళ్ళమీద, నాలుకమీద బొబ్బలు లేచి, గిట్టల మధ్య పుండ్లు పడితే గాలికుంటు. లేత గులాబి రంగు పర్మాంగనేట్ నీటితో నోరు కడిగి బోరోగ్లిజరిన్ పూయాలి. 6 నెలలకొకసారి టీకా వేయిస్తే ఈ పాట్లు చాలావరకు తప్పుతాయి. ఆ టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో స్థాపించినది. కంప్యూటరు కంపెనీల నడుమ గచ్చిబౌలిలోనే అది ఉన్నదని మన సభ్యులలో ఎందరికి తెలుసు!

ఒక జాగ్రత్త. చొంగ కారుస్తూ మింగలేకపోతున్న పశువు నోటిలో, ఏదో అడ్డుపడిందనుకొని చేయి పెట్టవద్దు. అది పిచ్చికుక్క కరచిన పశువు కావచ్చు. ఇదివరకే పెట్టి ఉంటే సబ్బునీటితో 15 నిమిషాలు చేతులు కడుగుకొని, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా విషయం అడగండి.