ప్రాంతం: హద్దు ఎక్కడ ఉన్నది?

ప్రాంతమంటే పటంమీద గీసిన గీతకు లోపలి భూభాగమని సామాన్యంగా భావిస్తాము. తొలితరం మానవశాస్త్రజ్ఞుల భావన కూడ దీనికి ఎంతో దూరం కాదు. అమెరికాలో విస్లర్, క్రోబర్ ప్రభృతులు ఆదిమజాతుల ఆహారం, పనిముట్లు, ఆచారాలు ఎంత మేర వ్యాపించినవో గుర్తించి, ఆ మేరను సంస్కృతీ మండలమన్నారు. మన దేశంలో ఇరావతీ కర్వే 1953లో వెలువరించిన గ్రంథంలో బంధుత్వాన్ని కొలబద్దగా గైకొని దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించారు. దక్షిణ మండలానికి ముఖ్యలక్షణం మేనరికం. తల్లి సోదరుడూ, పిల్లనిచ్చినవాడూ మనకు ‘మామ’యే కావడంలో ఈ ఆచారమే దాగి ఉన్నది.

కొలబద్ద గట్టిదే, కాని ఒక చిక్కు. ముస్లిం కుటుంబంలో చిన్నాన్న కుమార్తెను వివాహమాడవచ్చు. పొరుగునున్న హిందూ కుటుంబంలో ఆమె చెల్లెలు. అంతమాత్రాన ఆ రెండిళ్ళు రెండు ప్రాంతాలవి అవుతాయా?

నార్వే శాస్త్రజ్ఞుడు ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో ప్రశ్ననే మార్చారు. సమూహాన్ని నిలిపేది దాని ఆచారాల మొత్తం కాదనీ, ‘మేము, వారు’ అనే హద్దు అనీ, లోపలి ఆచారాలు మారినా హద్దు నిలువగలదనీ ఆయన వాదం. ఆయన జాతి సమూహాలను గూర్చి చెప్పినా, ప్రాంతానికీ ఇది అన్వయిస్తుంది.

నిదర్శనం మన ముంగిటనే ఉన్నది: ‘ముల్కీ’. ముల్క్ అనగా దేశం. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఉత్తర హిందూస్థానం నుండి హైదరాబాదు కొలువుకు ఉద్యోగులు రాగా, స్థానికులు తమను ముల్కీలనీ, వారిని గైర్‌ముల్కీలనీ అన్నారు. వచ్చినవారిలో అనేకులు ఉర్దూ పండితులే! 1919 నాటి నిబంధనలలో 15 సంవత్సరాల స్థిరనివాసంతో పరాయివాడు సైతం ముల్కీ కాగల వీలుండినది. అనగా హద్దుకు ద్వారం కూడ ఉన్నదన్నమాట. 1952లో అదే ఉర్దూ మాటను తెలుగు విద్యార్థులు చేపట్టారు. ఈసారి గైర్‌ముల్కీలలో అనేకులు కోస్తా తెలుగువారు. ఒకమారు ఉర్దూవారి నడుమ, మరొకమారు తెలుగువారి నడుమ గీత పడినది.

1956లో సంస్థానం భాషననుసరించి ఆంధ్రప్రదేశ్, బొంబాయి, మైసూరు రాష్ట్రాలకు పంపకమైనది. భాష ఒక్కటే ప్రాంతాన్ని నిర్ణయించేదైతే 1969 ఉద్యమం గాని, 2014లో తెలంగాణ ఏర్పాటు గాని ఉండనవసరం లేదు. మరాఠీ జిల్లాలు వెళ్ళిపోయినవి గాని, మరాఠీ నుండి దక్కనీకి వచ్చిన ‘నక్కో’ మాత్రం హైదరాబాదు వీథుల్లోనే ఉండిపోయినది.