జెట్ స్కీ పోల్ చేయడం వస్తే ఏ పని వచ్చినట్టు?

గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. గండికోట, మైలవరం జలాశయాలు జమ్మలమడుగు పక్కనే ఉన్నాయి. పులివెందుల వాళ్లకు పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయర్ ఉంది. ఈ జలాశయాల్లో జల క్రీడలు వస్తే దొరికే ఉపాధి అనగానే పిల్లలు బోటు డ్రైవర్, గైడ్, లైఫ్‌గార్డ్ కొలువుల గురించే అడుగుతున్నారు. ఆ బోట్లు, జెట్ స్కీలు చెడిపోతే బాగుచేసేదెవరు, వాటి భాగాలు చేసేదెవరు అని అడిగేవాళ్లు తక్కువ. చేతిపని మీద మనసున్న విద్యార్థికి అసలు దారి అక్కడే ఉంది.

నిలబడి నడిపే జెట్ స్కీనే తీసుకోండి. అమెరికాకు చెందిన క్లేటన్ జేకబ్సన్ ఆలోచనను కవాసాకి 1973లో మార్కెట్లోకి తెచ్చింది. సీటు ఉండదు. ముక్కు దగ్గర కీలు మీద లేచి వాలే ఒక పొడవాటి పోల్, దాని చివర హ్యాండిల్. నడిపేవాడికి పట్టు అదే, స్టీరింగ్ అదే. మన జిల్లాలో ఈ పోల్‌కు గిరాకీ ఉందని ఎవరినీ ఆశపెట్టను. డిప్లొమా, బీటెక్ ప్రాజెక్టుకు మాత్రం ఇంతకంటే మంచి వస్తువు నాకు కనిపించలేదు. డిజైన్, వెల్డింగ్, ఫైబర్, కేబుళ్లు అన్నీ ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయి.

ముందు బలం ఎటు పడుతుందో చూడాలి. పోల్ పైకీ కిందికీ స్వేచ్ఛగా కదులుతుంది కాబట్టి ఆ దిశలో కీలు దగ్గర పెద్దగా వంపు రాదు. నడిపేవాడు పక్కకు ఒరిగి లాగినప్పుడు, మెలిపెట్టినప్పుడు మాత్రం భారమంతా కీలు బుష్‌ల మీద, బ్రాకెట్ మీద పడుతుంది. పోల్ పొట్టిదైతే హ్యాండిల్ ముక్కు వైపు జరుగుతుంది, నడిపేవాడి బరువూ ముందుకు పోతుంది. అందుకే మనిషి ఎత్తు, అతను చేసే విన్యాసం తెలుసుకోకుండా పొడవు ఖాయం చేయకూడదు.

ఇనుముతో చేస్తే చవక, కానీ బరువు. ఒకే పరిమాణానికి అల్యూమినియం ఇనుములో మూడో వంతు తూగుతుంది. దాని తిప్పలు దానికున్నాయి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. పొర తీయకుండా టార్చ్ పెడితే లోపలి లోహం జారిపోతుంది, పైన తోలు మాత్రం అలాగే నిలుస్తుంది. గేట్లు, గ్రిల్స్ అతికే చేయి ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిందే. ఏసీ టిగ్ మెషీన్, ఆర్గాన్ గ్యాస్, అల్యూమినియానికే విడిగా ఉంచిన స్టెయిన్‌లెస్ బ్రష్ కావాలి. ఇంకో సంగతి. 6061-టి6 రకం అల్యూమినియం పైపును వెల్డ్ చేస్తే అతుకు చుట్టూ బలం దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి ఎక్కువ బలం పడేచోట అతుకు రాకుండా డ్రాయింగ్‌లోనే జాగ్రత్తపడాలి.

కార్బన్ ఫైబర్ ఇంకా తేలిక. పొడవునా వేసిన పోగులు వంపును ఆపుతాయి, 45 డిగ్రీల ఏటవాలుగా వేసినవి మెలికను ఆపుతాయి. కార్బన్ నేరుగా అల్యూమినియానికి తగిలి తడి చేరితే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది, కాబట్టి మధ్యలో గాజు ఫైబర్ పొర వేయాలి. రెసిన్ పనికి గ్లవ్స్, మాస్క్ తప్పనిసరి.

పోల్ పూర్తయ్యాక దాన్ని పూర్తిగా ఎత్తి, పూర్తిగా దించి, రెండుసార్లూ హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూడండి. స్టీరింగ్ కేబుల్ ఎక్కడా నలగకూడదు. థ్రాటిల్ వదలగానే వెనక్కి రావాలి. నడిపేవాడు నీళ్లలో పడితే మణికట్టుకు కట్టుకున్న తాడు ఊడి ఇంజన్ ఆగిపోవాలి. ఈ మూడూ సరిపోయేదాకా దాన్ని నీళ్లలోకి దించనివ్వకండి.

చదువు సంగతికొస్తే, ఐటీఐలో వెల్డర్ ఏడాది, ఫిట్టర్ రెండేళ్లు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ కళాశాల, పులివెందులలో జేఎన్‌టీయూ కళాశాల ఉన్నాయి, రెండింట్లోనూ మెకానికల్ చదవొచ్చు. పదో తరగతి తర్వాత ప్లాస్టిక్స్ వైపు వెళ్లాలనుకుంటే విజయవాడ సీపెట్‌లో డిప్లొమా ఉంది. పడవల డిజైనే ఇష్టమైతే విశాఖలోని ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీలో నేవల్ ఆర్కిటెక్చర్ బీటెక్ చూడండి. బండి నడపడం కూడా రావాలనుకునేవాళ్లకు గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ పవర్ బోట్, ప్రాణరక్షణ కోర్సులు నడుపుతోంది.

ఈ పనులన్నింటిలో ఒక్కటే ఎంచుకోమంటే నేను అల్యూమినియం టిగ్ వెల్డింగే అంటాను. జల క్రీడలు మన దగ్గర ఊపందుకున్నా అందుకోకపోయినా, బస్సు బాడీలు కట్టేచోట, షిప్‌యార్డుల్లో ఆ చేతికి పని ఉంటుంది. ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్‌తో పాటు మీరు వేసిన అతుకును అడ్డంగా కోసి, నున్నగా రుద్దిన ముక్క ఒకటి పట్టుకెళ్లండి. లోపల బుడగలు ఉన్నాయో లేదో, అడుగు దాకా కరిగిందో లేదో సూపర్‌వైజర్ చూడగానే చెప్పేస్తాడు. చెడిన ముక్క కూడా ఒకటి పక్కన పెట్టి, అది ఎందుకు చెడిందో వివరించండి.