పట్టుబడిన బండి, జప్తయిన బండి

ప్రశ్న: మద్యం కేసులో సీజ్ చేయడం, జప్తు చేయడం ఒకటేనా? – చిత్తూరు

జవాబు: కాదు. సీజ్ అంటే కేసు కోసం వస్తువును అధికారులు తమ అధీనంలోకి తీసుకోవడం. హక్కు ఇంకా యజమానిదే. జప్తు అంటే ఆ హక్కే ప్రభుత్వానికి పోవడం, ఆ తర్వాత మిగిలేది వేలమే. ఈ రెండింటి నడుమ నోటీసు, విచారణ, ఉత్తర్వు ఉంటాయి. బండి పట్టుబడిన రోజే అది పోయినట్టని చాలామంది ఆశ వదిలేసుకుంటున్నారు. అసలు నష్టం అక్కడే మొదలవుతోంది.

ప్రశ్న: బాడుగకు ఇచ్చిన వ్యానులో కర్ణాటక మద్యం ప్యాకెట్లు దొరికాయి. యజమానికి ఆ సంగతే తెలియదు. బండి తిరిగి వస్తుందా? – పలమనేరు

జవాబు: రావచ్చు. అయితే ‘తెలియదు’ అన్న ఒక్క మాట చాలదు. కర్ణాటక, తమిళనాడు రెండింటితోనూ సరిహద్దు ఉన్న చిత్తూరు జిల్లాలో, కుప్పం నుంచి నగరి దాకా ఇదే ఫిర్యాదు వినిపిస్తుంది.

1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం అక్రమ మద్యంతో పాటు దాన్ని నింపిన పాత్రలు, తయారీ సామగ్రి, మోసిన బండి, చివరికి పశువులు కూడా జప్తుకు లోబడినవే. సీజ్ చేసిన అధికారి వాటిని అనవసరపు ఆలస్యం లేకుండా ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్ ముందుంచాలి. జప్తు విషయం తేల్చేది ఆయనే. యజమానికి నోటీసు ఇవ్వకుండా, అతని వాదన వినకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. బండిని తనకు తెలియకుండా వాడారని, తన వంతు జాగ్రత్తలు తీసుకున్నానని యజమాని అక్కడ చూపించాలి. బాడుగ ఒప్పందం, ట్రిప్ షీటు, డ్రైవరుతో జరిగిన ఫోన్ మెసేజీలు, బాడుగ జమ అయిన బ్యాంకు ఖాతా వివరాలు అక్కరకు వచ్చేది అప్పుడే.

బండ్లు పోతున్నది ఎక్కువగా తప్పు చేసినందుకు కాదు, నోటీసుకు జవాబు ఇవ్వనందుకు. సెకండ్ హ్యాండులో కొని ఆర్‌సీ మార్చుకోనివారికి ఆ నోటీసే చేరదు. పాత యజమాని ఇంటికి పోయి అక్కడే ఆగిపోతుంది. ఫైనాన్సు కంతులు మాత్రం నెలనెలా కొత్త యజమాని నెత్తిన పడుతూనే ఉంటాయి. బండి కొన్న వెంటనే ఆర్‌సీ పేరు మార్పించుకోవడం ఇందుకే అత్యవసరం.

విచారణ తేలేలోగా బండిని పూచీకత్తు మీద విడిపించమని అర్జీ పెట్టుకోవచ్చు. ఫైలు డిప్యూటీ కమిషనర్ దగ్గరికి చేరి ఉంటే అర్జీ ముందుగా అక్కడే పెట్టాలి. పట్టుబడిన వాహనాలను స్టేషన్ ఆవరణల్లో ఏళ్ల తరబడి ఎండకూ వానకూ వదిలేయడం తగదని, ఫొటోలు తీసి, పంచనామా రాసి, బాండు తీసుకుని అప్పగించవచ్చని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. అర్జీలో ఆ తీర్పును తప్పక ప్రస్తావించాలి. జప్తు ఉత్తర్వే వచ్చేస్తే పైకి అప్పీలు ఉంది. ఉత్తర్వు అందిన తేదీని ఆ రోజే రాసి పెట్టుకోవాలి.

ప్రశ్న: కోర్టు కేసు కొట్టేస్తే బండి దానంతట అదే విడుదలవుతుందా? – పుంగనూరు

జవాబు: కాదు, కేసుది ఒక దారి, జప్తుది ఇంకో దారి.

ప్రశ్న: గానుగ దగ్గర నిల్వ ఉన్న నల్లబెల్లాన్ని సారా బెల్లమని పట్టుకోవచ్చా? – బంగారుపాళ్యం

జవాబు: బెల్లం మద్యం కాదు. చెరకు మీద బతికే ఈ జిల్లాలో ఆ మాట గట్టిగా చెప్పాల్సిందే. ఎక్సైజ్ చట్టం 34వ సెక్షన్ నేరంగా చూసేది మత్తుపదార్థం తయారుచేసే ఉద్దేశంతో ముడిసరుకు ఉంచుకోవడాన్ని. కాబట్టి ప్రశ్నంతా ఉద్దేశం చుట్టూనే తిరుగుతుంది. బెల్లం పక్కనే పటిక, ఊట డ్రమ్ములు, బట్టీ కనిపిస్తే ఉద్దేశానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. చెరకు తోలిన లెక్కలు, మండీ బిల్లులు, కొన్నవారి పేర్లు ఉంటే రైతు మాటకు బలం వస్తుంది. నాటుసారా కాచిన సంగతి బయటపడితే మాత్రం 1995 నాటి మద్యనిషేధ చట్టం కూడా మీద పడుతుంది. 1997లో నిషేధం సడలించినా సారాకు మినహాయింపు రాలేదు. బెల్లం ఊటను అధికారులు సాధారణంగా అక్కడికక్కడే పారబోస్తారు. అంతకుముందే నమూనా తీసి సీలు వేశారా లేదా అన్నది చూడాలి.

ప్రశ్న: బెంగళూరు నుంచి రెండు సీసాలు తెచ్చుకుంటే తప్పా? మూడు దాకా తేవచ్చని కోర్టు చెప్పిందట. – కుప్పం

జవాబు: హైకోర్టు అలా చెప్పింది 2020 సెప్టెంబరులో. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం నిబంధన మార్చి, పర్మిట్ లేకుండా బయటి రాష్ట్రపు మద్యం తేవడానికి వీల్లేదంది. సగం వార్త పట్టుకుని చెక్‌పోస్టు దగ్గర వాదించడం ప్రమాదం.

ప్రశ్న: కారులో మరిచిపోయిన సీసా అలిపిరి తనిఖీలో దొరికితే? – తిరుపతి

జవాబు: మరుపు సాకు కాదు, కొండపైకి మద్యం నిషిద్ధం.

ప్రశ్న: సోదా సక్రమంగా జరిగిందో లేదో తెలిసేదెలా? – శ్రీకాళహస్తి

జవాబు: పంచనామా చూస్తే తెలుస్తుంది. సాక్షులు ఎవరు, ఎన్ని సీసాలు, ఏ బ్రాండు, ఏ బ్యాచ్, ఏ సమయం, ఏ చోటు అన్నవన్నీ అందులో ఉండాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయమంటోంది. పంచనామా, ఎఫ్ఐఆర్ నకళ్లు అడగడం ధిక్కారమేమీ కాదు. చదవకుండా సంతకం పెట్టకూడదు. చదవడం రానివారు చదివి వినిపించమని అడగాలి. సీసాల లెక్కకూ కాగితంలోని అంకెకూ తేడా ఉంటే, డిప్యూటీ కమిషనర్‌కు ఇచ్చే జవాబులో మొదటి వాక్యం అదే కావాలి.