తాత ఏ ఫౌజులో పనిచేశాడు? పాత పింఛను కాగితాలు చదివే పద్ధతి

స్కాలర్‌షిప్ ఫారాల కోసం మన సొసైటీ ఆఫీసుకు వచ్చేవారిలో ఏటా రెండు మూడు కుటుంబాలు ఇంకో పని కూడా వెంటబెట్టుకొస్తాయి. పాత గుడ్డలో చుట్టిన ఉర్దూ కాగితమో, తుప్పు పట్టిన పతకమో తీసి బల్ల మీద పెడతారు. కొందరి దగ్గర అదీ ఉండదు, ఒట్టి మాటే ఉంటుంది. "మా దాదాకు నాన్న ఫౌజులో ఉండేవాడట సార్. ఎక్కడన్నా రికార్డు దొరుకుతదా?"

దొరుకుతుంది, అందరికీ కాదు. దొరికినవారిలో ఎక్కువమందికి దారి చూపింది యుద్ధ చరిత్ర పుస్తకాలు కాదు, పింఛను కాగితం. మామూలు సిపాయి ఏ పోరాటంలో ఏం చేశాడో ఎవరూ రాసిపెట్టలేదు. నెలనెలా అతనికి ఇచ్చిన రూపాయలకు మాత్రం ఖజానా లెక్క రాసుకుంది. డబ్బు వేరేవాళ్ల చేతికి పోకూడదు కాబట్టి అతని తండ్రి పేరు, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు కూడా రాసుకుంది. మనకు కావలసింది సరిగ్గా అదే.

వెతకడానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఏ ఫౌజు? ఇది తేలకుండా దరఖాస్తులు పెట్టి ఏళ్లు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. "నిజాం మిలిటరీ" అని ఇంట్లో చెప్పుకునే మాట కింద నాలుగైదు వేర్వేరు సైన్యాలున్నాయి. ఒకదాని కాగితం ఇంకొకదాని దఫ్తర్‌లో ఉండదు.

మన మూడు జిల్లాల సంగతే చూడండి. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూలు నేరుగా నిజాం సర్కారు కింద ఉండేది, ఒకప్పుడు జిల్లా కేంద్రం కూడా. సంస్థానాలకు సొంత బలగాలుండేవి. వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు కాలంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలతో ఏర్పడిన అశ్వదళం తర్వాత నిజాం కొలువులోకి వెళ్లింది. హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏ.సీ. గార్డ్స్ అనే బస్తీ పేరులో ఉన్నది ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సే. పాతవాళ్లు సిద్దీ రిసాలా అనేవారు. కాబట్టి వనపర్తి నుంచి నగరానికి పోయిన గుర్రపు సవారు కుటుంబం సంస్థానం కాగితాల దగ్గరే ఆగిపోతే సగం కథే దొరుకుతుంది.

గద్వాల సంగతి వేరు. కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న గడ్డ అది. తుంగభద్ర దాటితే కర్నూలు, ఇంకొంత దూరంలో బళ్లారి, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోవి. నది దాటిపోయి మద్రాసు సైన్యంలో చేరిన కుర్రవాడి పేరు నిజాం రికార్డుల్లో ఎంత వెతికినా కనబడదు. అతని కోసం రెజిమెంటును బట్టి వెల్లింగ్టన్‌లోని మద్రాసు రెజిమెంటు కేంద్రానికో, బెంగళూరులోని మద్రాసు సాపర్ల కేంద్రానికో రాయాలి.

ఇక హైదరాబాద్ కంటింజెంట్. పేరులో హైదరాబాదు ఉంది, ఖర్చు నిజాంది, అధికారులు మాత్రం బ్రిటిష్‌వారు. 1853 ఒప్పందంలో దీని ఖర్చు కోసమే బేరారును ఇంగ్లీషువారి చేతిలో పెట్టవలసి వచ్చింది. 1903లో ఈ దళాలు బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయాయి. పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు అయ్యాయి, 1945లో దాని పేరు కుమావూ రెజిమెంటుగా మారింది. అంటే బొల్లారంలో కవాతు చేసిన మన పాలమూరు సిపాయి వివరం అడగవలసిన చోటు హిమాలయాల్లోని రాణీఖేత్! మొదట విన్నప్పుడు నేనూ నమ్మలేదు. కంటింజెంట్ అశ్వదళాల్లో రెండు 1921లో కలిసి దక్కన్ హార్స్‌గా నిలిచాయి. అది ఇప్పుడు ట్యాంకుల రెజిమెంటు.

నిజాం సొంత సైన్యంలోనూ రెండు భాగాలు. ఒకటి కవాతు, యూనిఫారం ఉన్న బాకాయిదా ఫౌజు. రెండోది నజ్మె జమీయత్ అనే పాత తరహా బలగం, అందులో అరబ్బులు, రోహిలాలు, సిద్దీలు ఉండేవారు. పాయిగా అమీర్ల బలగాలు మళ్లీ వేరు. బాకాయిదా ఫౌజులోని హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్ కాలువకు, పాలస్తీనాకు వెళ్లారు. "మా తాత హైఫా కోట గెలిచాడు" అని కొన్ని ఇళ్లలో చెబుతారు. 1918 సెప్టెంబరు 23న హైఫా మీదికి గుర్రాలు దూకించింది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు వారు అదే బ్రిగేడులో ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదుది. ఉన్నమాట చెప్పుకుంటే చాలు, దానికే గౌరవం ఉంది. రెండో యుద్ధంలో ఒకటో హైదరాబాద్ పదాతి దళం మలయాలోని కోటా భారు విమానాశ్రయం కాపలాకు పోయింది. 1941 డిసెంబరులో జపాన్ దాడి మొదట తగిలిన చోట్లలో అదొకటి.

ఏ ఫౌజో తెలియకపోతే ఇంట్లో మిగిలిన మాటలనే పట్టుకోండి. సవారు, దఫేదార్, రిసాల్దార్ అంటే గుర్రపు దళం. సిపాయి, నాయక్, హవల్దార్, సుబేదార్ అంటే కాలిబలం. జమేదార్ అన్న మాటతో జాగ్రత్త. అది రెండింటిలోనూ ఉంది, అరబ్బు బలగాల నాయకుణ్నీ అలాగే పిలిచేవారు, కచేరీలో బంట్రోతుల పెద్దనూ అనేవారు. పతకం ఉంటే ముఖం కన్నా అంచును భూతద్దంతో చూడండి. సిపాయి నంబరు, పేరు, దళం అక్కడే చెక్కి ఉండవచ్చు. దయచేసి చింతపండుతో తోమకండి.

ఇప్పుడు కాగితం చదవడం. 1880ల నడుమ దాకా సర్కారు రాతకోతలు ఫారసీలో, తర్వాత ఉర్దూలో సాగాయి. చేతిరాత షికస్తా అయితే ఉర్దూ బాగా వచ్చినవారికీ కష్టమే. అయినా నాలుగు మాటలు గుర్తుపడితే పని మొదలవుతుంది. 'వల్ద్' తర్వాత వచ్చేది తండ్రి పేరు. 'సాకిన్' తర్వాత ఊరు, 'మౌజా' అంటే గ్రామం. 'వజీఫా' అన్నది మనల్ని తికమక పెట్టే మాట. ఇప్పుడు పిల్లల చదువుకిచ్చే సాయాన్ని వజీఫా అంటున్నాం, హైదరాబాదు సర్కారు భాషలో అది పింఛను. 'వజీఫా హుస్నె ఖిద్మత్' అని ఉంటే నిండా కొలువు చేసి దిగినందుకు ఇచ్చిన పింఛను. 'మన్సబ్' అని ఉంటే అది వంశానికి ఇచ్చిన భృతి, సిపాయి పింఛను కాదు.

తేదీ దగ్గర చాలామంది బోల్తా పడతారు. నిజాం కాగితాల మీద ఎక్కువగా ఉండేది ఫసలీ సంవత్సరం. దాన్ని హిజ్రీ అనుకుంటే లెక్క ఎనిమిది పదేళ్లు తప్పిపోతుంది. ఇరవయ్యో శతాబ్దపు కాగితాల్లో ఫసలీ ఏడాది ఆజుర్ నెలతో, అంటే అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజుర్, దై, బహ్మన్ నెలలు మన అక్టోబరు, నవంబరు, డిసెంబరు. వీటికి ఫసలీ అంకెకు 590 కలపాలి. జనవరి నుంచి వచ్చే ఇస్ఫందార్ మొదలు చివరి నెల ఆబాన్ దాకా 591 కలపాలి. రూపాయి కూడా వేరే. హాలీ సిక్కా 7 రూపాయలు ఇంగ్లీషు కల్దార్ 6 రూపాయలకు సమానం. పింఛను మొత్తం కల్దార్‌లో ఉందంటే ఇచ్చింది బ్రిటిష్ సర్కారు కావచ్చు, అది కూడా ఒక ఆనవాలే.

ఈ లెక్క ఒక ఇంట్లో ఎంత పని చేసిందో చెబుతాను. పేరు, ఊరు రాయను. కొత్తకోట వైపు నుంచి ఒక పెద్దావిడ మనవడిని తోడు తీసుకుని వచ్చింది. వాళ్ల దాదా సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన ఖాకీ బట్టలు వేసేవాడు, 1948లో ఫోటోలన్నీ పొయ్యిలో పెట్టేశారు, ఇంతే తెలుసు. ఖాకీ కాబట్టి రజాకారే అయి ఉంటాడని ఊళ్లో ఎవరో అన్న మాట మూడు తరాలు ఆ ఇంటి మీద నిలిచింది. ట్రంకు పెట్టె అడుగున వేసిన కాగితం పొరలో ఒక చీటీ మిగిలింది. బాకాయిదా ఫౌజు సవారు, వజీఫా హుస్నె ఖిద్మత్, నెలకు 7 రూపాయల హాలీ, 15 మెహర్ 1352 ఫసలీ. మెహర్ అంటే ఆగస్టు. 1352కు 591 కలిపితే 1943. పోలీసు చర్యకు ఐదేళ్ల ముందే ఆయన కొలువు దిగి పింఛను తీసుకుంటున్నాడు.

రజాకార్లు ఒక పార్టీ కింది వలంటీర్లు, వాళ్లకు సర్కారు సిపాయి పింఛను లేదు. ఈ చీటీ ఒక్కటే 1948లో ఆయన ఎక్కడున్నాడో చెప్పదు, ఆ సంగతి కూడా ఆవిడకు చెప్పాను. ఖాకీ బట్టలు ఏ కొలువువో మాత్రం చెబుతుంది. ఆవిడ ఆ చీటీ మనవడితో మూడుసార్లు చదివించుకుంది. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, కుడి కనుబొమ మీద గాయపు మచ్చ అని రాసి ఉన్న చోట ఆపించి, "మచ్చ సంగతి మా అమ్మీ చెప్పేది" అంది.

1948 సెప్టెంబరులో భయంతో కాగితాలు కాల్చిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. హైదరాబాదు ఫౌజులో కొందరిని భారత సైన్యంలోకి తీసుకున్నారు, చాలామందిని ఇంటికి పంపేశారు. ఇంట్లో ఏమీ మిగలనివారు హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌కు పోవాలి. అక్కడ పేరు చెబితే ఫైలు తెచ్చివ్వరు. ఏ శాఖ, ఏ సంవత్సరం అన్నది మీరు చెప్పగలగాలి, అందుకే పైన అంత సాగదీశాను. ఆ భవనంలో షాజహాన్, ఔరంగజేబు కాలపు కాగితాలు లక్షన్నరకు పైగా ఉన్నాయి. వాటిలో 'అర్జ్-ఓ-చెహ్రా' అనేవి సిపాయి ముఖం గుర్తులు, గుర్రం గుర్తులు రాసిన పట్టీలు. కనుబొమ మచ్చ రాసుకునే అలవాటు అంత పాతది. ఊరు చెప్పేటప్పుడు 2016కు ముందరి జిల్లా పేరు మహబూబ్‌నగర్ అని కూడా చెప్పండి. కొత్త జిల్లాల పేర్లతో పాత రికార్డు ఏదీ తగలదు.

యుద్ధంలో చనిపోయినవారైతే కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు. చాలా ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. వనపర్తి, గద్వాల పేర్లను ఇంగ్లీషులో నాలుగైదు రకాలుగా రాసి చూడండి. నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్‌లో పాత మిలిటరీ ఫైళ్ల జాబితాలున్నాయి. లండన్‌లో అన్నీ ఉంటాయన్న మాట మాత్రం నమ్మకండి. అక్కడ ఉన్నవి ఎక్కువగా యూరోపియన్ల సర్వీసు వివరాలు, మన సిపాయి కాగితాలు రెజిమెంటు దగ్గరే ఉండేవి. లాహోర్‌లో బయటపడ్డ మూడు లక్షల పేర్ల రిజిస్టర్లు పంజాబువారివి.

భారత సైన్యం రికార్డు ఆఫీసుకు రాసేటప్పుడు "సర్వీసు పత్రాలు ఇవ్వండి" అని మాత్రమే అడిగితే "నిబంధనల ప్రకారం నాశనం చేశాం" అని జవాబు రావచ్చు. పింఛను రాని సిపాయి పత్రాలను 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు. కానీ లాంగ్ రోల్ అనే పెద్ద పట్టీని ఉంచుతారు. కాబట్టి "లాంగ్ రోల్ నకలు కావాలి" అని స్పష్టంగా రాయండి. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు, వారసుడినని చూపే ఆధారం జతపెట్టండి.

డబ్బు సంగతి దాచను. ముత్తాత పింఛను బకాయి లక్షల్లో ఇప్పిస్తామని ఫీజు అడిగేవాళ్లు తిరుగుతున్నారు. మనవలకు, మునిమనవలకు అలాంటి హక్కు లేదు. సిపాయి భార్య బతికి ఉంటే, లేదా ఆధారం లేని వితంతు కూతురు, పెళ్లికాని కూతురు ఉంటే కుటుంబ పింఛను గురించి అడగవచ్చు. దానికి మహబూబ్‌నగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయానికి పోండి, అక్కడ ఫీజు లేదు.

కాగితాన్ని లామినేషన్ చేయించకండి, మడతల మీద టేపు అంటించకండి. ముందు వెనక రెండు వైపులా ఫోటో తీయించండి, వెనక వైపున్న ఖజానా ముద్రలోనే తాలూకా పేరు ఉంటుంది. చదవడం కుదరకపోతే జుమా నమాజు తర్వాత మన ఆఫీసుకు తెండి. షికస్తా చదివే ఇద్దరు పెద్దలు కూర్చుంటారు. అసలు కాగితం మాకు వదిలిపెట్టవద్దు, మీరే తిరిగి తీసుకుపోండి.