గ్రేస్ హాపర్

విద్యకు వయోనియమం లేదంటారు. సేవకు సైతం అట్టి నియమం లేదని నిరూపించిన జీవితం అమెరికా నావికాదళాధికారిణి గ్రేస్ మరే హాపర్‌ది. మానవభాషకు చేరువైన మాటలతో కంప్యూటర్‌ను నడిపించే మార్గానికి బాటలు వేసినవారిలో ఆమె అగ్రగణ్య.

1906 డిసెంబరు 9న ఆమె న్యూయార్క్ నగరంలో జన్మించింది. ఏడేళ్ల ప్రాయంలో, అలారం గడియారం ఎలా మోగుతుందో తెలుసుకోగోరి ఇంట్లోని ఏడు గడియారాలను విప్పివేసింది. ఇకపై ఒక్కదానితోనే ప్రయోగాలు చేసుకొమ్మని తల్లి కట్టడి చేసిందే గాని, ఆ జిజ్ఞాసను అణచివేయలేదు. వాసర్ కళాశాలలో గణితం బోధిస్తూనే హాపర్ 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందింది.

రెండవ ప్రపంచయుద్ధకాలంలో నావికాదళంలో చేరదలచినప్పుడు నియమాలు అడ్డువచ్చాయి. వయసు ఎక్కువ, బరువు ఉండవలసినదానికన్న పదిహేను పౌండ్లు తక్కువ. అయినా ఆమె పట్టు విడువలేదు. ప్రత్యేక అనుమతి పొంది 1943లో రిజర్వు దళంలో చేరింది. మరుసటి ఏడాది హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ‘మార్క్ 1’ యంత్రం వద్ద నియమితురాలైంది. యాభైయొక్క అడుగుల పొడవు గల ఆ గణనయంత్రానికి ఆదేశాలు రచించిన తొలితరం వారిలో ఆమె ఒకరు.

ఆనాడు యంత్రానికి పని చెప్పాలంటే సంకేతాలలోనే చెప్పాలి. అవి కొద్దిమంది నిపుణులకే తెలుసు. ఆదేశాలను మామూలు ఇంగ్లీషు మాటల్లో వ్రాస్తే, వాటిని సంకేతాలుగా మార్చే శ్రమ యంత్రమే పడగలదని హాపర్ వాదించింది. అది అసాధ్యమని పలువురు కొట్టివేశారు. ఆమె వాదనతో సరిపెట్టుకోక 1952లో ‘ఏ-జీరో’ కంపైలర్‌ను రూపొందించి ఆ దిశలో తొలి మెట్టు కట్టింది. తరువాత వచ్చిన ఆమె ‘ఫ్లో-మాటిక్’ భాష, 1959లో ఒక సంఘం రూపకల్పన ప్రారంభించిన ‘కోబాల్’కు ముఖ్యాధారమైంది.

1966లో నావికాదళం ఆమెకు విశ్రాంతినిచ్చింది. మరుసటి ఏడాదే ఆరు నెలల పనికని తిరిగి పిలిచింది. ఆ ఆరు నెలలు ఏళ్లుగా సాగాయి. ఒకనాడు వయసు మీరిందని సందేహించిన దళమే, 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో డెబ్బై తొమ్మిదవ ఏట ఆమెకు వీడ్కోలు పలికింది.

బోధన మాత్రం ఆమెను ఎన్నడూ వీడలేదు. అడుగు పొడవు తీగముక్కలను శ్రోతలకు పంచి, సెకనులో నూరుకోట్లవ వంతు కాలంలో విద్యుత్సంకేతం ప్రయాణించగల గరిష్ఠ దూరం ఇదేనని చూపేది. కంటికి కనబడని కాలాన్ని చేతికందించిన గురువు ఆమె.

1992 జనవరి 1న హాపర్ కన్నుమూసింది. 1997లో ఒక యుద్ధనౌక ఆమె పేరుతో దళంలో చేరింది. 2016లో మరణానంతరం ‘ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్’ లభించింది.

ఆమె కార్యాలయంలోని గడియారం ముళ్లు అపసవ్యదిశలో తిరిగేవి. అయినా అది సరైన వేళనే చూపేది. ఎప్పటినుంచో ఇలాగే చేస్తున్నామన్న మాటను సహించని హాపర్, ఆ మాటకు గోడపై వ్రేలాడదీసిన సమాధానమది.

అర్థాలు
అగ్రగణ్య = మొదట లెక్కింపదగినది
జిజ్ఞాస = తెలుసుకోవాలనే కోరిక
అపసవ్యదిశ = ఎదురు దిశ

ప్రశ్నలు
1. నావికాదళంలో చేరడానికి హాపర్‌కు ఎదురైన ఆటంకాలేవి?
2. హాపర్ గడియారం ఏ భావాన్ని సూచిస్తుంది? వివరించండి.